లిఫ్టు లేచింది సరే, బ్రేకు పట్టిందా?

నాట్లకు ముందు, మళ్లీ కోతలకు ముందు మిర్యాలగూడ, హాలియా వంటి పట్టణాల్లో మెకానిక్‌ షెడ్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. వాటిలో చాలా బండ్లకు ఒకటే జబ్బు. లిఫ్టు లేవదు. లేచినా నిలవదు. కల్టివేటరును సగం దాకా ఎత్తి వదిలేస్తుంది. మెకానిక్‌ పై మూత విప్పుతాడు. పంపు చూస్తాడు, రబ్బరు రింగులు మారుస్తాడు, పాత ఆయిలు దించి కొత్త ఆయిలు పోస్తాడు. లివరు ఎత్తగానే కల్టివేటరు గాలిలోకి లేస్తుంది. ‘‘ఇక తోలుకుపో అన్నా’’ అంటాడు. రైతు డబ్బులిచ్చి బండెక్కుతాడు.

పొరపాటు ఇక్కడే జరుగుతోంది. లిఫ్టు లేచిందో లేదో ఇద్దరూ చూశారు. బ్రేకు పట్టుతోందో లేదో ఒక్కరూ చూడలేదు. ఊరి దారిలో చెరువు కట్ట దిగేటప్పుడు గాని, కాలువ వంతెన మలుపులో గాని ఆ సంగతి బయటపడదు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

హైడ్రాలిక్‌ పని జరిగిన ఏ ట్రాక్టరూ బ్రేకు పరీక్ష కాకుండా షెడ్డు దాటి రోడ్డెక్కరాదు. అది మెకానిక్‌ రైతుకు చేసే ఉపకారం కాదు. లిఫ్టు పనిలో అదీ ఒక భాగమే. ఆ అలవాటు ఈ జిల్లాలో ఇంకా రావలసే ఉంది.

ఒకే కడుపు, మూడు పనులు

‘‘లిఫ్టు పైన, బ్రేకు పక్కన. దానికీ దీనికీ సంబంధమేమిటి?’’ అనే రైతులు ఎందరో ఉన్నారు. సంబంధం ఆయిలులో ఉంది.

ఇప్పటి ట్రాక్టర్లలో చాలా వాటికి గేరుబాక్సు, వెనుక ఇరుసు, లిఫ్టు... ఈ మూడింటికీ ఒకటే ఆయిలు. బండి సైజును బట్టి 30 నుంచి 60 లీటర్ల దాకా పడుతుంది. గేర్ల పళ్లు అరగకుండా కాపాడేది అదే. పంపు గుండా పోయి లిఫ్టును లేపేదీ అదే. ఆయిలులో మునిగి ఉండే రకం బ్రేకులైతే, ఆ ప్లేట్ల మధ్య తిరిగి వేడిని లాగేసేదీ అదే.

పాత ట్రాక్టర్లలోను, తరువాత వచ్చిన కొన్ని మోడళ్లలోను ఉండేవి పొడి బ్రేకులు. వాటికి ఆయిలు చుక్క కూడా తగలకూడదు. ఇరుసు లోపలి ఆయిలుకూ బ్రేకుకూ మధ్య అడ్డు ఒక్క ఆయిలు సీలే. అది కారితే బ్రేకు తడిసిపోతుంది.

కనుక ఒక రకం బ్రేకుకు ఆయిలు ప్రాణం, ఇంకో రకానికి అదే విషం. తన బండిది ఏ రకమో రైతుకు ముందు తెలిసి ఉండాలి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఆ సంగతి రాసి ఉంటుంది. పుస్తకం పోగొట్టుకున్నవారు డీలరును అడిగితే చెబుతారు. ఈ సంగతి తెలియకుండా బ్రేకు జబ్బు వెతకడం చీకట్లో సూది వెతకడమే.

మునిగిన బ్రేకు మోత పెడితే

హైడ్రాలిక్‌ పని అయ్యాక పెడలు నొక్కితే వెనుక నుంచి గుర్రుమని మోత వస్తుంది. ఒక్కోసారి బండంతా అదురుతుంది. లేదా పెడలు కాలికి గట్టిగానే తగులుతుంది గాని బండి జారుతూ పోతుంది. ఆయిలులో మునిగిన బ్రేకుల బండి ఇలా చేస్తే మొదట అనుమానించవలసింది కొత్తగా పోసిన ఆయిలునే.

ఎందుకంటే ఈ ఆయిలు చేయవలసిన పనులు ఒకదానికొకటి ఎదురు. గేర్ల పళ్ల మధ్య అది జారుడుగా ఉండాలి. బ్రేకు ప్లేట్ల మధ్య మాత్రం జారిపోకుండా పట్టు ఇవ్వాలి. ఈ రెండూ కుదిరేలా అందులో ప్రత్యేకమైన మందులు కలుపుతారు. అలాంటి దానినే బజారులో ‘వెట్‌ బ్రేక్‌ ఆయిలు’ అంటారు. లారీ గేరుబాక్సుకు పోసే ఆయిలులోనో, ఇంజను ఆయిలులోనో, పొక్లెయినుకు పోసే హైడ్రాలిక్‌ ఆయిలులోనో ఆ మందులు ఉండాలని లేదు. డబ్బా మీద ‘హైడ్రాలిక్‌’ అన్న మాట కనిపిస్తే చాలదు. రంగు, చిక్కదనం చూసి పోల్చుకోవడం అంతకన్నా కుదరదు. పుస్తకంలో రాసిన గ్రేడు, డబ్బా మీద రాసిన గ్రేడు ఒకటి కావాలి.

ఇందులో మనిషిని మోసగించే సంగతి ఒకటుంది. ఏ ఆయిలు పోసినా లిఫ్టు దాదాపుగా లేస్తుంది. పంపుకు కావలసింది తోయడానికి ఒక ద్రవం మాత్రమే. కనుక ‘లిఫ్టు లేచింది, ఆయిలు మంచిదే’ అనుకోవడం తప్పు. లిఫ్టు లేవడం బ్రేకుకు సాక్ష్యం కాదు.

తప్పుడు ఆయిలు పోసినట్లు తెలిసిన వెంటనే దింపేయాలి. వేడి మీద దింపితే మడ్డితో సహా దిగుతుంది. అయినా ఇరుసు గొట్టాల్లో, పైపుల్లో కొంత మిగిలిపోతుంది. సరైన ఆయిలు పోసి కొన్ని గంటలు పని చేయించి, మోత తగ్గకపోతే మరోసారి మార్చవలసి రావచ్చు. ఫిల్టరు, జల్లెడ కూడా అప్పుడే చూడాలి. తొలి రోజుల్లోనే సరిదిద్దితే ప్లేట్లు చాలావరకు కోలుకుంటాయి. ‘కోతలు అయ్యాక చూద్దాం’ అని నెలల తరబడి నడిపితే ప్లేట్ల పైపొర గాజులా నునుపు దేలుతుంది. ఇక వెనుక ఇరుసు విప్పి ప్లేట్లు మార్చడమే. ఆయిలు మీద మిగిలిన వందలు పోయి, వేలు వదులుతాయి. దానికి తోడు పని దినాల్లో బండి షెడ్డులో కూచుంటుంది.

ప్లేట్ల నుంచి రాలిన పొడి కూడా ఆ ఆయిలులోనే తిరుగుతుంది. ఫిల్టరుకు అడ్డం పడుతుంది. అప్పుడు లిఫ్టు మళ్లీ మొరాయిస్తుంది. రైతు మళ్లీ లిఫ్టు పని కోసమే షెడ్డుకు వస్తాడు. అసలు జబ్బు బ్రేకులో ఉందని ఎవరికీ తట్టదు.

ఆయిలు పాలలా తెల్లబడితే అందులో నీరు చేరినట్లే. దమ్ము చక్రాలతో నీటి మళ్లలో తిరిగే బండ్లకు ఈ బెడద ఎక్కువ. అలాంటి ఆయిలుతో లిఫ్టూ బాగుండదు, బ్రేకూ బాగుండదు. నీరు ఎటు నుంచి వస్తోందో కనిపెట్టి, ఆయిలు మార్చాలి. పైన రెండు లీటర్లు కొత్తది కలిపితే సరిపోదు.

పొడి బ్రేకు తడిస్తే

పొడి బ్రేకుల బండి సంగతి వేరు. లిఫ్టు పని అయ్యాక బ్రేకు ఒక పక్కకే లాగుతున్నా, అసలు పట్టకున్నా, చక్రం లోపలి పక్క బ్రేకు పెట్టె కింద తడి కనిపించినా ఆయిలు లోపలికి దిగిందని అనుమానించాలి. తరచుగా కారణం ఎక్కువ ఆయిలు పోయడమే. ‘నాలుగు లీటర్లు ఎక్కువ పోస్తే లిఫ్టు ఇంకా బాగా లేస్తుంది’ అన్న నమ్మకం మనవాళ్లలో ఉంది. అది వట్టి భ్రమ. లిఫ్టు శక్తి పంపులోను, వాల్వులలోను ఉంది. గేజి గీత దాటి పోసిన ఆయిలు ఇరుసు చివరలకు చేరి సీళ్ల మీద ఒత్తుతుంది. బండిని ఏటవాలుగా నిలిపితే కింది పక్క సీలు మీద ఆ భారం ఇంకా పెరుగుతుంది.

ఇంకో కారణం గాలి బిరడా. పని చేసేటప్పుడు ఆయిలు వేడెక్కి లోపలి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోయేందుకు పైన చిన్న రంధ్రంతో ఒక బిరడా ఉంటుంది. బురద, పొట్టు చేరి అది మూసుకుంటే లోపలి ఒత్తిడికి ఆయిలు సీళ్ల గుండా దారి చేసుకుంటుంది. లిఫ్టు మూత విప్పి బిగించిన నాడే ఆ బిరడా శుభ్రం చేస్తే ఐదు నిమిషాల పని.

ఆయిలు కొలిచే పద్ధతి కూడా ముఖ్యం. బండి చదునైన నేల మీద ఉండాలి. ఇంజను ఆపి, లిఫ్టు చేతులు కిందికి దించి, కాసేపు ఆగి చూడాలి. టిప్పింగు ట్రాలీ తగిలించి ఉంటే దానిని కూడా దించాలి. ట్రాలీ ఎత్తి ఉన్నప్పుడు కొంత ఆయిలు దాని జాకీలోకి పోయి ఉంటుంది. అప్పుడు గేజి చూసి ‘తగ్గింది’ అని పోస్తే, దించిన తరువాత ఎక్కువవుతుంది.

టిప్పింగు ట్రాలీ ఊళ్లో నలుగురి చేతులూ మారుతుంది. ఒక బండి ఆయిలు ట్రాలీ జాకీలో ఉండిపోయి రెండో బండిలోకి పోతుంది. మొదటి బండిలో పోసింది నాసిరకమైతే, మడ్డి పట్టినదైతే, మంచి ఆయిలు పోసుకున్న రెండో రైతుకు కూడా ఆ పాపం అంటుతుంది. ట్రాలీని పంచుకునేవారు ఒకే గ్రేడు ఆయిలు వాడేలా మాట అనుకోవడం మంచిది. పైపు మూతిని తుడిచి తగిలించడం అందరూ చేయగలిగిందే.

తడిసిన బ్రేకు లైనింగును పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి మళ్లీ బిగించే వాడుక ఉంది. అది నమ్మదగింది కాదు. లోపలికి ఇంకిన ఆయిలు వేడి తగలగానే మళ్లీ పైకి వస్తుంది. సీలు మార్చాలి, లైనింగూ మార్చాలి. ఒక పక్కే తడిసినా రెండు పక్కలా మారిస్తే పట్టు సమానంగా ఉంటుంది.

కడ్డీలు, పెడళ్లు మరువరాదు

జబ్బు ఎప్పుడూ ఆయిలులోనే ఉంటుందని కాదు. లిఫ్టు పని కోసం ఫుట్‌బోర్డు, కడ్డీలు, పిన్నులు విప్పవలసి వస్తుంది. తిరిగి బిగించేటప్పుడు బ్రేకు కడ్డీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే పెడళ్లు సమానంగా దిగవు. ఒక చక్రం ముందు పట్టుతుంది, రెండోది తరువాత పట్టుతుంది. పొలంలో ఇది తెలియదు. తారురోడ్డు మీద వేగంగా పోతూ నొక్కితే బండి ఒక పక్కకు విసురుతుంది.

కడ్డీ మరీ బిగించితే బ్రేకు పూర్తిగా వదలదు. బండి బరువుగా నడుస్తుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, బ్రేకు పెట్టె కాలుతుంది. ఒకటి రెండు కిలోమీటర్లు నడిపి, ఆపి, రెండు పక్కలా అరచేయి దగ్గరగా పెట్టి చూస్తే చాలు. ఒక పక్క ఎక్కువ సెగ కొడితే అక్కడ బ్రేకు రాసుకుంటున్నట్లే. పెడలుకు ఎంత ఆట ఉండాలో పుస్తకంలో ఉంటుంది. రెండింటికీ ఒకటే ఉండాలి.

కొన్ని ట్రాక్టర్లలో కడ్డీలకు బదులు సన్నని గొట్టాల్లోని ద్రవం బ్రేకును నొక్కుతుంది. అలాంటి బండి పెడలు స్పంజిలా మెత్తగా దిగితే, రెండు మూడు సార్లు నొక్కితే గాని పట్టకపోతే, గొట్టంలో గాలి చేరినట్లే. దానిని తీయించాలి. ఆ చిన్న డబ్బాలో పోసే ద్రవం విషయంలోనూ జాగ్రత్త కావాలి. కొన్ని బండ్లకు మోటారు కారులో వాడే బ్రేకు ద్రవం, కొన్నింటికి ఖనిజ నూనె. ఒకదానికి బదులు ఇంకొకటి పోస్తే రబ్బరు వాచర్లు ఉబ్బి చెడిపోతాయి.

రెండు పెడళ్లనూ కలిపే గొళ్లెం సంగతి అందరికీ తెలిసిందే గాని పాటించేవారు తక్కువ. పొలంలో మూల తిరగడానికి ఒక్క పెడలు కావాలి. రోడ్డెక్కగానే రెండూ కలిసి ఉండాలి. మెకానిక్‌ పని కోసం గొళ్లెం తీసి ఉంటే, మళ్లీ వేసింది లేనిది ఎక్కేముందే చూడాలి.

షెడ్డు ముందే పరీక్ష

ఈ పరీక్షకు యంత్రాలేమీ అక్కర్లేదు. ఖాళీ మట్టి స్థలం చాలు. మొదట ఇంజను ఆపి రెండు పెడళ్లూ నొక్కి చూడాలి. సమానంగా దిగుతున్నాయా, నేల దాకా పోతున్నాయా గమనించాలి. తరువాత ట్రాలీ లేకుండా, గొళ్లెం వేసి, చిన్న గేరులో నడిపి నొక్కాలి. అది పట్టితే కాస్త వేగం పెంచి నొక్కాలి. దిగి నేల చూడాలి. రెండు వెనుక చక్రాలూ సమానమైన చాళ్లు గీస్తే పట్టు సమానంగా ఉన్నట్లు. ఒక చాలు పొడుగు, ఒకటి పొట్టి అయినా, అసలు ఒకటే చాలు ఉన్నా బండి షెడ్డు కదలరాదు. ఆ తరువాత ఖాళీ ట్రాలీతో, చివరికి బరువుతో ఇదే చేయాలి. కాస్త ఏటవాలులో చేతి బ్రేకు వేసి నిలుస్తుందో లేదో చూడాలి. అంతా కలిపి అరగంట.

ట్రాలీతో ఎందుకు చూడాలో చెప్పాలి. రెండు టన్నుల దాకా తూగే ట్రాక్టరు వెనుక 40 కిలోల వడ్ల బస్తాలు వంద వేస్తే 4 టన్నులు. ట్రాలీ సొంత బరువు దానికి అదనం. మన ట్రాలీల్లో చాలా వాటికి సొంత బ్రేకు ఉండదు. అంత బరువునూ ఆపవలసింది ట్రాక్టరు వెనుక చక్రాలే. పల్లంలో ట్రాలీయే ట్రాక్టరును తోస్తుంది. వేగం రెండింతలైతే బండి ఆగడానికి దాదాపు నాలుగింతల దూరం కావాలి. డీజిలు మిగులుతుందని పల్లంలో న్యూట్రల్‌ చేసేవారు ఇంజను ఇచ్చే ఆ కాస్త పట్టునూ వదులుకుంటున్నారు. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగడం మేలు.

2018 జూన్‌ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది కూలికి పోతున్న మహిళలు. అది బ్రేకుల వల్ల జరిగిందని చెప్పడం కాదు. కాలువ గట్టు మీద తప్పు దిద్దుకోవడానికి ట్రాక్టరు ఎంత తక్కువ సమయం ఇస్తుందో ఆ రోజు చూపింది. సరుకు ట్రాలీలో మనుషులను ఎక్కించడమే చట్టానికి విరుద్ధం. బ్రేకు మీద నమ్మకం లేని బండికి ట్రాలీ తగిలించి కూలీలను ఎక్కించడం వారి ప్రాణాలతో ఆడుకోవడమే.

ఎవరి వంతు ఎంత

తప్పంతా మెకానిక్‌ల మీద నెట్టడం న్యాయం కాదు. పని ఒత్తిడిలో పది బండ్లు వరుసలో ఉంటే ఒక్కోదానికి అరగంట పరీక్ష ఎక్కడ చేయమంటారని వారు అడుగుతారు. ఆ మాటలో నిజం ఉంది. ‘పొద్దున్నే దుక్కి ఉంది, త్వరగా ఇవ్వు’ అని తొందరపెట్టేది రైతే. ‘ఆ ఆయిలు ఖరీదు, ఇంకేదైనా పోయి’ అనేదీ ఒక్కోసారి రైతే. బయట తక్కువకు కొన్న డబ్బాలు తెచ్చి పోయమంటే మెకానిక్‌ కాదనలేడు.

కాని ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్‌కు ఏ ఆయిలు వల్ల ఏం జరుగుతుందో తెలుసు. తెలిసి ఊరుకోవడం మాత్రం తప్పే. ‘ఈ ఆయిలు నీ బండి బ్రేకుకు పనికిరాదు’ అని మొగమాటం లేకుండా చెప్పాలి. బిల్లు మీద మూడు సంగతులు రాసివ్వాలి. ఏ గ్రేడు ఆయిలు పోశారు, ఎన్ని లీటర్లు పోశారు, బ్రేకు పరీక్షించారా లేదా. ఆ కాగితం రైతుకూ రక్షణే, మెకానిక్‌కూ రక్షణే. రేపు ఇంకో షెడ్డులో ఆయిలు కలపవలసి వస్తే ఏది కలపాలో దానివల్ల తెలుస్తుంది.

డీలర్లు చేయవలసింది చిన్న పనే. ఆయిలు పోసే బిరడా పక్కన, గ్రేడు, లీటర్లు, బ్రేకు రకం తెలుగులో రాసిన రేకు అంటించి బండి అప్పగించాలి. లక్షలు పోసి కొన్న బండికి అది పెద్ద ఖర్చు కాదు.

ప్రభుత్వం వంతు శిక్షణ. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం నడిపే వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ఐటీఐలలో ట్రాక్టరు మెకానిక్‌ కోర్సు ఉంది. ఈ జిల్లాలోనే కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. షెడ్డులో చిన్నప్పటి నుంచి పని నేర్చుకున్న మెకానిక్‌ నెలల తరబడి పని మానుకుని దూరం పోలేడు. శిక్షణే అతని దగ్గరికి రావాలి. నాట్లకు ముందు ఒకరోజు, కోతలకు ముందు ఒకరోజు మండల కేంద్రంలో శిబిరం పెట్టి, ఒక బండి విప్పి చూపితే అటు మెకానిక్‌లకూ ఇటు డ్రైవర్లకూ కళ్లారా తెలుస్తుంది. వ్యవసాయ శాఖ ఈ పనికి పూనుకోవాలి.

అప్పటిదాకా రైతే అడగాలి. లిఫ్టు లేవకపోతే ఒక పూట దుక్కి ఆగుతుంది, అంతే. బ్రేకు పట్టకపోతే పోయేది ట్రాక్టరు ముందు నడిచే పిల్లవాడో, ట్రాలీలో కూచున్న కూలి మనిషో, స్టీరింగు పట్టిన రైతు కొడుకో. కనుక ‘లిఫ్టు లేచింది, తోలుకుపో’ అన్నప్పుడు ‘బ్రేకు చూపించు, అప్పుడు పోతాను’ అనడానికి రైతు మొగమాటపడరాదు. డబ్బు చేతికిచ్చే ముందు ఆ మాట అనాలి.